జీడీపీ పెరిగినా జనం మెచ్చట్లేదని వాపోతున్న పాలకులకు

ఎన్నికైన పాలకులకు, వారి ఆర్థిక సలహాదారులకు,

నమస్కారం.

ఆదరణ సర్వేలో మీ అంకె పడిపోయిన ప్రతిసారీ మీ వైపు నుంచి వినిపించే మాట ఒకటే: "ఎంతో చేశాం, చెప్పుకోలేకపోయాం." ఆ వెంటనే ప్రచార బడ్జెట్ పెరుగుతుంది. హోర్డింగుల మీద వృద్ధి రేటు ఇంకాస్త పెద్ద అక్షరాల్లోకి వస్తుంది. ఆర్నెల్లకు మళ్లీ సర్వే జరుగుతుంది, అంకె ఇంకా కిందికి పోతుంది. అప్పుడు మీ సలహాదారు ఒకాయన టీవీలో కూర్చుని, ప్రజలకు ఆర్థికశాస్త్రం తెలియకపోవడమే సమస్య అని చాలా మర్యాదగా తేల్చేస్తారు.

ఈ ఉత్తరం ఆ మాట గురించే. జనానికి లెక్కలు బాగానే వచ్చు. వాళ్లు వేసుకునే లెక్కకూ మీరు అచ్చువేసే లెక్కకూ పొంతన లేదు, అంతే. వాళ్ల లెక్కలో మీకు అన్యాయం జరిగే సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆ అన్యాయానికి దారి వేసింది చాలావరకు మీరే.

ముందు ధరల సంగతి చూద్దాం. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. 2024 సెప్టెంబరుకల్లా అది 2.4కి దిగింది. మధ్యలో, 2023లో, నిరుద్యోగం 3.4 శాతానికి తగ్గింది. 1969 తర్వాత అంత తక్కువ ఆ దేశం చూడలేదు. మాంద్యం ఖాయమని బెదరగొట్టిన నిపుణుల జోస్యమూ ఫలించలేదు. పాఠ్యపుస్తకం ప్రకారమైతే అధ్యక్షుడు బైడెన్‌ను జనం నెత్తిన పెట్టుకోవాలి. ఆయన ఆదరణ మాత్రం నలభై శాతం చుట్టుపక్కలే తచ్చాడింది. 2024 నవంబరులో ఆయన పార్టీ ఓడిపోయింది.

ద్రవ్యోల్బణం తగ్గిందని వైట్‌హౌస్ ఆర్థికవేత్తలు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ద్రవ్యోల్బణం తగ్గడమంటే మెట్లెక్కే వేగం తగ్గడమే. ఎక్కేసిన మెట్లు ఎవరూ దిగలేదు. 2021 జనవరిలో వంద డాలర్లకు వచ్చిన సరుకులు 2024 చివరికి సుమారు నూట ఇరవై అయ్యాయి. బిల్లు చేతికి వచ్చినప్పుడు మనిషి దాన్ని పోయిన నెల బిల్లుతో పోల్చుకోడు. దీని ధర ఇంతే ఉండాలని ఎప్పుడో మనసులో పడిపోయిన అంకెతో పోల్చుకుంటాడు. మీ నివేదికలో పన్నెండు నెలలు దాటగానే పాత ధర లెక్కలోంచి జారిపోతుంది. మనిషి మనసులోంచి జారడానికి ఏళ్లు పడుతుంది.

జీతాలు కూడా పెరిగాయి కదా అంటారు. పెరిగాయి. సగటు గంట వేతనం దాదాపు ధరలతో పాటే పైకి వెళ్లింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ధరలు పెరిగితే మీకెందుకంత కోపమని జనాన్నే నేరుగా అడిగిన ఆర్థికవేత్తలు ఉన్నారు. 1997లో రాబర్ట్ షిల్లర్ అడిగారు, 2024లో స్టెఫనీ స్టాంట్చేవా మళ్లీ అడిగారు. జీతం పెంపును జనం ద్రవ్యోల్బణంతో ముడిపెట్టరని అప్పుడూ ఇప్పుడూ తేలింది. పెంపు తమ పనితనానికి దక్కిన ఫలమనుకుంటారు. ధర పెరిగితే మాత్రం వేలు ప్రభుత్వం వైపే తిరుగుతుంది.

దీన్ని అమాయకత్వం అనేస్తారు మీ సలహాదారులు. నాకు అలా అనిపించదు. జీతం పెంచమని పైఅధికారి గదిలో మొహమాటంగా నిలబడింది అతనే. ఇంకోచోట ఇంటర్వ్యూకి దొంగచాటుగా సెలవు పెట్టి వెళ్లొచ్చిందీ అతనే. ధర పెరగడానికి అతను చేసిందేమీ లేదు. అంత కష్టపడి తెచ్చుకున్న పెంపును ధరలు మింగేశాక, "మొత్తం మీద మీరు ఉన్నచోటే ఉన్నారు, సంతోషించండి" అని గ్రాఫు చూపిస్తే ఒళ్లు మండదా?

పైగా నిరుద్యోగం రెండు మూడు శాతం పెరిగితే నూటికి ఇద్దరో ముగ్గురో ఉద్యోగం పోగొట్టుకుంటారు, మిగతావాళ్లకు టెన్షన్. ధరలు పెరిగితే నూటికి నూరుమందికీ, అదీ వారంవారం తగులుతుంది. ద్రవ్యోల్బణం, నిరుద్యోగం అనే రెండు అంకెలనూ కూడేసి "దుర్భర సూచీ" అని చూపించడం ఆర్థికవేత్త ఆర్థర్ ఓకున్ కాలం నుంచీ అలవాటు. కూడిక సులువే. కానీ ఆ రెండూ ఒకే రకం బాధ కాదు. ఒకటి కొద్దిమందిని కుంగదీస్తుంది, రెండోది అందరినీ చిరాకు పెడుతుంది. ఓట్ల పెట్టెలో రెండోదానికే బరువెక్కువ.

అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం 2022 అక్టోబరులో 11.1 శాతానికి ఎగసింది. 2024 జూలైలో ఎన్నికలు వచ్చేనాటికి మళ్లీ 2 శాతం దగ్గరికి దిగినా కన్జర్వేటివ్ పార్టీకి మిగిలింది 121 సీట్లే. అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లో పాలక కూటమి దిగువ సభలో మెజారిటీ పోగొట్టుకుంది. ఒకరిది కుడి పక్షం, ఒకరిది మధ్యేవాదం, అయినా దెబ్బ అందరికీ తగిలింది. ఇంతమంది పాలకులు ఒకేసారి "చెప్పుకోలేకపోయారు" అంటే నమ్మడం కష్టం.

ఇక సమయం సంగతి. 1991 మార్చిలో, గల్ఫ్ యుద్ధం ముగిసిన వెంటనే, సీనియర్ జార్జ్ బుష్ ఆదరణ గాలప్ సర్వేలో 89 శాతం. పదిహేడు నెలలు తిరిగేసరికి 29. మధ్యలో జరిగింది ఆర్థిక మందగమనం. అయితే వినండి, సలహాదారులు ఇప్పటికీ చెప్పుకుని బాధపడే విషయం ఒకటుంది. ఆ మాంద్యం 1990 జూలైలో మొదలై 1991 మార్చికే అయిపోయింది. అంటే బుష్ ఆదరణ శిఖరాన ఉన్న నెలలోనే. మాంద్యం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో నిర్ణయించే నిపుణుల కమిటీ ఈ సంగతిని అధికారికంగా ప్రకటించేసరికి 1992 డిసెంబరు వచ్చింది. ఎన్నికలు నవంబరులోనే అయిపోయాయి. బుష్ ఓడిపోయారు.

జనం పొరబడ్డారనడానికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. కానీ పక్కనే ఇంకో అంకె ఉంది. మాంద్యం "ముగిశాక" కూడా నిరుద్యోగం పెరుగుతూనే పోయి 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. ఉత్పత్తి లెక్కల్లో మాంద్యం పోయింది, ఉద్యోగం వెతుక్కునేవాడికి పోలేదు. ఇద్దరిలో ఎవరు తప్పు? నన్నడిగితే ఎవరూ కాదు. ఓటు వేసేది మాత్రం రెండోవాడు.

అమెరికా అధ్యక్షులు కార్టర్, రీగన్‌ల కథ దీనికి తిరగేసిన బొమ్మ. 1980 నవంబరులో కార్టర్ ఓడిపోయిననాటికి నిరుద్యోగం 7.5 శాతం. 1984 నవంబరులో రీగన్ 49 రాష్ట్రాలు గెలిచిననాటికి 7.2 శాతం. తేడా ఏమంత లేదు. కానీ మధ్యలో, 1982 చివర్లో, అది 10.8 దాకా వెళ్లొచ్చింది. అప్పుడు రీగన్ ఆదరణ కూడా 35కి పడింది. అక్కడి నుంచి దిగుతూ 7.2కి వస్తే అది మంచి రోజుల్లా కనిపించింది. ధరల పెరుగుదలా అప్పటికి బాగా తగ్గింది. ఆ ధరలను అదుపు చేసింది కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్, వడ్డీ రేట్లను 20 శాతం దాకా లాగి. వోల్కర్‌ను 1979లో ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కార్టర్. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్‌కూ ఇంచుమించు ఇదే గతి పట్టింది. ఆయన చేసిన కార్మిక సంస్కరణలు అమల్లోకి వచ్చిన 2005లో నిరుద్యోగుల సంఖ్య 50 లక్షలు దాటింది, అదే ఏడాది ఆయన అధికారం పోయింది. ఆ తర్వాతి ఏళ్లలో నిరుద్యోగం తగ్గుతూ వచ్చింది, అప్పుడు కుర్చీలో ఉన్నది మెర్కెల్.

మంచి రోజులకు మెచ్చుకోలు కూడా చెడ్డ రోజులకు పడే తిట్టంత గట్టిగా ఉండదు. రాజనీతి పరిశోధకుడు జాన్ ముల్లర్ 1970లోనే ట్రూమన్ నుంచి జాన్సన్ దాకా అమెరికా అధ్యక్షుల ఆదరణను పరిశీలించి ఈ మాట చెప్పారు: ఆర్థిక వ్యవస్థ కుంటుపడితే ఆదరణ పడుతుంది, బాగుపడితే ఆ మేరకు పెరగదు. అర్ధ శతాబ్దం దాటినా మీ ప్రచార విభాగాలకు ఇది చేరినట్టు లేదు.

నమ్మకం ఒకసారి పోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1992 సెప్టెంబరు 16న లండన్‌లో ఏం జరిగిందో చూడాలి. పౌండు విలువ ఒక గీత కిందికి పడకూడదన్న యూరప్ మారకపు వ్యవస్థలో దాన్ని నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం నానా పాట్లు పడింది. పొద్దున వడ్డీ రేటును 10 నుంచి 12కి పెంచారు. పౌండు లేవలేదు. మధ్యాహ్నం మర్నాటి నుంచి 15 అన్నారు. అయినా లేవలేదు. సాయంత్రం ఆర్థిక మంత్రి బయటికొచ్చి, వ్యవస్థలోంచి తప్పుకుంటున్నామని చెప్పారు. 15 శాతం అమల్లోకి రానే లేదు. ఇంటి అప్పు ఉన్న ప్రతి కుటుంబమూ ఆ రోజు రేడియో పక్కనే కూర్చుని తమ నెలవారీ వాయిదా ఎంత పెరుగుతుందో లెక్కేసుకుంది.

విచిత్రమేమిటంటే, ఆర్థికంగా చూస్తే ఆ ఓటమి దేశానికి మేలే చేసింది. వడ్డీ రేట్లు దిగాయి. 1993 నుంచి వృద్ధి పుంజుకుంది, నిరుద్యోగం తగ్గింది, ధరలు అదుపులో ఉన్నాయి. 1997 మేలో ప్రధాని జాన్ మేజర్ ఆ అంకెలు పట్టుకునే ఎన్నికలకు వెళ్లారు. 165 సీట్లు వచ్చాయి. లేబర్‌కు 418. అదే మేజర్ 1992 ఏప్రిల్‌లో, ఆర్థిక వ్యవస్థ ఇంకా నీరసంగా ఉన్నప్పుడు గెలిచారు. నీరసంలో గెలిపించి, కోలుకున్నాక ఓడించిన జనాన్ని చూసి జీడీపీ మాత్రమే చదివేవాళ్లు తల పట్టుకోవాల్సిందే. జనం చూసింది ఇంకోటి. గడ్డు రోజున వీళ్లకు పగ్గాలు చేతిలో ఉన్నాయా లేవా అని చూశారు. లేవని ఒక్క రోజులో తేలిపోయింది. నాలుగేళ్లకు పైగా సాగిన వృద్ధి ఆ ఒక్క రోజును చెరపలేకపోయింది.

ఇప్పుడు మీకు జరిగే అన్యాయం గురించి. బ్రెజిల్ అధ్యక్షుడు లూలా 2010 చివర దిగిపోయినప్పుడు ఆయన ఆదరణ 80 శాతం పైన. ఆ ఏడాది వృద్ధి 7.5 శాతం. ఆయన వారసురాలు దిల్మా రూసెఫ్ ప్రభుత్వానికి 2013 మార్చిలో 65 శాతం మంది మార్కులు వేశారు. 2015 ఆగస్టులో 8 శాతం మంది. అవినీతి కుంభకోణం, విధానాల్లో పొరపాట్లు ఉన్నాయి, నిజమే. దాంతోపాటు బ్రెజిల్ ప్రపంచానికి అమ్మే ఇనుప ఖనిజం, సోయా, చమురు ధరలు కుప్పకూలాయి. దక్షిణ అమెరికా అధ్యక్షుల ఆదరణను డానియెలా కంపెల్లో, సెజార్ జూకో అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలిస్తే, అది చాలావరకు రెండు బయటి అంకెల వెంట నడుస్తోందని తేలింది. ఒకటి అలాంటి ఎగుమతి సరుకుల ధర, రెండోది అమెరికా వడ్డీ రేటు. ఈ రెండూ ఏ అధ్యక్షుడి చేతిలోనూ ఉండవు.

అన్యాయం కదూ? కచ్చితంగా అన్యాయమే. కానీ సరుకుల ధరలు పైకి వెళ్తున్న రోజుల్లో "ఇది మా గొప్ప కాదు, బయట గిరాకీ ఉంది కాబట్టి నడుస్తోంది" అన్న అధ్యక్షుడిని ఒక్కరినైనా చూపించండి. ఆ రోజుల్లో ప్రతి అంకె పక్కనా మీ ఫొటోయే ఉంటుంది. ఫొటో తీసేయడం మర్చిపోతారు, అంకె మారుతుంది.

భారతదేశంలో 2004 సంగతి అందరికీ తెలిసిందే. 2002లో కరవు, 2003లో మంచి వానలు. కిందటేడు అంకె చిన్నది కాబట్టి ఆ ఏడు వృద్ధి 8 శాతం దాకా కనిపించింది. దాని మీద "భారత్ వెలిగిపోతోంది" అని వాజ్‌పేయీ ప్రభుత్వం వాళ్లు ప్రచారం కట్టి, ఎన్నికలను ముందుకు జరుపుకున్నారు. ఓడిపోయారు. ఓటమికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి, ఒక్క నినాదంతో ప్రభుత్వాలు పడిపోవు. అయినా వానను మీ ఖాతాలో రాసుకుంటే మరుసటి కరవునూ అక్కడే రాస్తారు. రాసేవాళ్లకు ఆ పద్ధతి నేర్పింది మీరే.

ఎన్నికల ముందు పంచిపెడితే సరిపోతుందని మీలో కొందరి నమ్మకం. దీనికి 1972ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ అక్టోబరులో అమెరికాలో రెండు కోట్ల నలభై లక్షలకు పైగా పింఛనుదారులకు చెక్కుతో పాటు ఒక చీటీ వెళ్లింది. మీ సోషల్ సెక్యూరిటీ పింఛను 20 శాతం పెరిగిందని, ఆ చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశారని అందులో ఉంది. ఆ పెంపుకు డబ్బు సమకూర్చే పన్ను పెరుగుదల మాత్రం జనవరిలో మొదలైంది. ఎన్నికలు నవంబరులో కదా. నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు. ధరలను 1971 నుంచే ఉత్తర్వులతో తొక్కిపెట్టి ఉంచారు. తొక్కిపెట్టిన మూత తీశాక, మధ్యలో చమురు సంక్షోభమూ వచ్చి పడి, 1974 చివరికి ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. కాబట్టి ఎన్నికల ఎత్తుగడగా ఇది పనిచేస్తుంది, నేను కాదనను. బిల్లు తర్వాత వస్తుంది, అంతే.

అన్నిటికీ ఆర్థికమే కారణమని నేను అనడం లేదు. తుర్కియేలో 2022 అక్టోబరులో అధికారిక ద్రవ్యోల్బణమే 85 శాతం. 2023 మేలో అధ్యక్షుడు ఎర్దోగాన్ మళ్లీ గెలిచారు. మధ్యలో కనీస వేతనం పెంచారు, లక్షల మందికి ముందస్తు పింఛను ఇచ్చారు. ప్రతిపక్షం చీలికలు, మీడియా మీద పట్టు కూడా ఉన్నాయి. పది నెలల తర్వాత స్థానిక ఎన్నికల్లో ఆయన పార్టీ రెండో స్థానానికి పడింది. ఇక అభిమానం కళ్లకు గంతలు కడుతుందన్నదీ నిజమే. 2016 నవంబరులో అమెరికాలో అధ్యక్షుడు ఇంకా మారకముందే, తమ పార్టీ గెలిచినట్టు ఫలితం వచ్చిన వారంలోనే రిపబ్లికన్ ఓటర్లకు ఆర్థిక వ్యవస్థ ఉన్నట్టుండి బాగున్నట్టు కనిపించింది. అలాంటివాళ్లను ఏ అంకే కదిలించలేదు. ఎన్నికలను తేల్చేది మధ్యలో ఉన్నవాళ్లు. ఈ ఉత్తరం వాళ్ల తరఫునే.

మిమ్మల్ని అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏటా ఒకసారి, ఒకే ఒక పేజీ. మీరు అధికారంలోకి వచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా మొత్తం ధరలు ఎంత పెరిగాయి, రాబడి వరుసలో సరిగ్గా మధ్యన ఉండే కుటుంబం రాబడి ఎంత పెరిగింది, పని ఎంతమందికి దొరికింది. నిరుటితో పోలిక వద్దు, మొదటి రోజుతో పోలిక కావాలి. ఆండ్రూ హీలీ, గాబ్రియేల్ లెంజ్ 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఓటర్లు చివరి ఏడాదిని బట్టే తీర్పు ఇస్తారన్నది పాత ఫిర్యాదు. పదవీకాలం మొత్తం లెక్క సులువుగా చేతికి అందితే ఆ ఓటర్లే దాన్ని చూసి తీర్పు ఇస్తారని వాళ్లు చూపించారు. జనం చివరి ఏడాదినే పట్టుకోవడానికి కారణం, మీరు చేతికిచ్చేది ఆ ఏడాదిదే కావడం.

ఆ పేజీలో కింద ఒక గడి ఉండాలి. ఇందులో బయటి నుంచి వచ్చిందెంత? చమురు, వానలు, పరదేశపు వడ్డీ రేట్లు. కచ్చితమైన అంకె అక్కర్లేదు, "చాలావరకు" అనో "కొంత" అనో చాలు. అది మంచి ఏడాదిలో కూడా నింపాలి. చెడ్డ ఏడాదిలో మాత్రమే నింపితే దాన్ని సాకు అంటారు.

ఆ పేజీ రాసేది మీ ప్రచార విభాగం కాకూడదు. 2007లో అర్జెంటీనా ప్రభుత్వం గణాంక సంస్థలో వేలు పెట్టి ద్రవ్యోల్బణాన్ని కాగితం మీద తగ్గించింది. సొంతంగా లెక్కగట్టి ప్రచురించిన ప్రైవేటు ఆర్థికవేత్తలకు 2011లో జరిమానాలు వేసింది. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశాన్ని అభిశంసించింది. కాగితం మీద అంకె తగ్గినందుకు ఎవరి ఇంటి ఖర్చూ తగ్గలేదు. ప్రభుత్వ అంకె అంటే నవ్వుకోవడం మాత్రం జనానికి అలవాటైంది. గణాంక సంస్థ అధిపతి పదవీకాలం మీ పదవీకాలంతో ముడిపడకుండా చూడండి. ఆయన విడుదల చేసే తేదీలు ఏడాది ముందే ప్రకటించండి.

బాధాకరమైన పని చేయాల్సి వస్తే ముందే చెప్పండి. అదే అర్జెంటీనాలో 2023 డిసెంబరులో అధ్యక్షుడైన మిలే, తొలిరోజు ప్రసంగంలోనే డబ్బు లేదని, ముందు రోజులు ఇంకా గడ్డుగా ఉంటాయని చెప్పారు. ఆయన విధానాలు మంచివా చెడ్డవా అన్నది వేరే గొడవ, దాంట్లోకి నేను పోను. 2024 తొలి ఆర్నెల్లలో పేదరికం 52.9 శాతానికి ఎగబాకింది. మామూలుగా అయితే ఆ అంకెకు ప్రభుత్వం నిలవకూడదు. ఆయన ఆదరణ మాత్రం కూలిపోలేదు. నెలకు 25.5 శాతం పెరుగుతున్న ధరలు ఏడాదిలో నెలకు 2.7కి వచ్చాయి, జనం అది కూడా చూశారు. చెప్పిన గడ్డు రోజులు చెప్పినట్టే వచ్చాయి కాబట్టి, చెప్పిన మంచి రోజుల కోసం కొన్నాళ్లు ఆగారు. ఆ గడువు ఎంతో కాలం ఉండదు, ఏ పాలకుడికైనా.

ఆ ఒక్క పేజీని ఎన్నికలు దూరంగా ఉన్న ఈ ఏడాదే మొదలుపెట్టండి. పోలింగుకు మూణ్నెల్ల ముందు తెస్తే, అది నిజమే అయినా, హోర్డింగు కింద లెక్కకడతారు.

ఇట్లు,
ఒక ఓటరు